సాలవ్వ పరిగె

వరి కోసేటప్పుడు నేల రాలిన వెన్నులను వెనకాలే ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటారు. కట్టలో ఉన్నది పటేలుది, నేలమీద పడ్డది పేదలది. కోసేవాడు కావాలని రాల్చకూడదు, ఏరే మనిషి కట్టను ముట్టకూడదు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఆ మాత్రం ధర్మమైనా ఉండేదని సంతోషించాలట మనం!

పోచారం కాలువ కింద పటేలు పొలంలో సాయన్న జీతగాడు. కొడుక్కొచ్చే గింజలు అతని పిల్లలకే చాలవని తల్లి సాలవ్వ వేరే గుడిసెలో ఉండి, పరిగె మీదే నెట్టుకొచ్చేది. మహా పంతం మనిషి. కొడుకు పెడితే ముట్టేది కాదు. "నా చేతికి దొరికినట్టు ఎన్నులు ఎవ్వలకూ దొరకయి" అని గొప్పలు పోయేది.

1941 కోతల్లో పటేలు పెత్తందారు మార్కండేయ ఆమె ఒడి విప్పించాడు.

"ఏందే ముసలీ, పరిగె గిట్లుంటదా? రాలినయైతే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఉంటయి. ఇవి పిడికిట పట్టి కోసినట్టు ఒక్క తీరుగున్నయి. ఎవడు పడేసిండు?"

ఆమె ముందు కోస్తున్నది సాయన్నే. ఇన్నాళ్లూ తన చేతి చలవ అనుకున్నది కొడుకు ప్రేమేనని సాలవ్వకు అప్పుడు తెలిసింది. సంతోషించడానికి కూడా తీరిక లేకపోయింది. సాయన్న కొడవలి దించి నోరు తెరవబోతున్నాడు.

"ఎవలూ పడెయ్యలే," అంది గబగబా. "నేనే కట్టలకెల్లి గుంజుకున్న."

మార్కండేయ ఒడి దులిపించి, ఇక ఏ మడిలోనూ అడుగు పెట్టొద్దన్నాడు. పొద్దున ఆమెతో కలిసి సద్ది తిన్న ఆడవాళ్లే దూరం జరిగారు. సాయన్న నోరు మూసుకున్నాడు. పిరికివాడంటే నేను కాదనను. కానీ జీతం పోతే పిల్లలు పస్తులే.

పొద్దుగూకాక భార్య పెట్టిచ్చిన జొన్న గట్క ముంతలో పట్టుకుని తల్లి గుడిసెకు వచ్చాడు.

"అవ్వా, తలుపు తియ్యి. గింత గట్క తెచ్చిన."

సాలవ్వ తలుపు సందులోంచి చూసింది. ఆకలితో కడుపు మాడుతోంది. కొడుకు ముఖం చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది. అయినా గొళ్లెం తీయలేదు.

"తీస్కపో కొడుకా. నువ్వు నాకు తిండి తెచ్చుడు చూస్తే ఇద్దరం కలిసే దొంగతనం చేసినమంటరు. మల్ల రాకు."

"ఎన్ని దినాలు రావద్దే?"

"నేను పిలిచినా రాకు."