పాటలో లేని రంగు

సోంపేట దగ్గరి ఒక పల్లెలో గౌరీశ్వరి అనే పదిహేనేళ్ల పిల్ల రోజూ పొద్దున్నే నూతి దగ్గర కూర్చుని పెసరపిండితో ముఖం రుద్దుకునేది. పిల్ల శుభ్రంగా ఉంటోందని ఇంట్లో అందరూ మురిసిపోయారు. చెంపలు పుండ్లు పడి, కంచంలో అన్నం సగం మిగిలిపోతుంటే తల్లి సూరమ్మ అడిగింది.

"ఏటే ఇది? తోలు ఊడిపోతంది, సూసుకున్నావా?"

"పక్కూళ్లో ఆడిన నాటకంలో నాయిక పాట ఇన్నావు కదే అమ్మా. మల్లెపువ్వులాటి ఒళ్లంట, పిడికెడు నడుమంట. మరి నానేటి, ఇలాగ?"

అరుగుమీది నాయనమ్మ అసిరమ్మ నిట్టూర్చింది.

"మా నాట్ల పాటల్లో ఆడదానికి ఆకలేసీది, కోపమొచ్చీది, మొగుణ్ని తిట్టీది. రంగు ఊసు ఎవులెత్తినారు?"

ఆ మాట గౌరీశ్వరి చెవికెక్కలేదు. ఆ నాయికను ఒక్కసారి దగ్గరగా చూడాలి, ముఖానికి ఏం రాస్తుందో అడగాలి. అదే ధ్యాస.

వేసవిలో ఆ నాటకాల కంపెనీ వాళ్ల ఊరికే వచ్చి ఆడింది. మర్నాడు పొద్దున్న తల్లీకూతుళ్లు కొబ్బరితోటలోని విడిదికి మజ్జిగ తీసుకెళ్లారు. అక్కడ నలభై ఏళ్ల నల్లటి బక్కమనిషి కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటున్నాడు. పేరు ఢిల్లీరావు.

"నాయికగారు ఏరండీ?" అంది గౌరీశ్వరి.

"నానే పాపా."

ఆడవేషం మగవాడు కడతాడని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆమె చెంపలు చూసి అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆ పసిమి అర్దళం పూత పాపా, మొకానికి రాసీ రంగుపొడి. ఆ నడుం గుడ్డతో బిగించింది. అలాటి ఆడది ఎక్కడా నేదు. మా సెల్లిది నీ రంగే. అది పాడతంటే పని ఆపీసి ఇనీవోలం. ఇంట్లో నాను ఈ పాట సాధకం సేత్తుంటే ఇనీ ఇనీ, పాడడం మానీసింది. ఎందుకే అంటే, 'నాలాటిది పాడితే ఎవులింతారన్నా' అన్నాది. ఊరూరా నాకు సప్పట్లే గాని, దాని గొంతు ఒక్కపాలి ఇనగలిగితే సాలని ఉంటాది."

అయినా ఆశ ఒక్కరోజులో చచ్చేది కాదు. మర్నాడూ గౌరీశ్వరి పెసరపిండితో నూతి దగ్గరికే వెళ్లింది. సూరమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా పెళ్లిలో అమ్మలక్కలు నన్ను కాకిపిల్లనీసి పాట కట్టినారే. అందరూ నవ్వినారు, నానూ నవ్వీసినాను. అప్పట్నుండి అద్దంలో తిన్నగా సూసుకోనేదు. పాడినోల్లు ఆ పూటే మరిసిపోనారు. నాను ఇరవై ఏళ్లు మోసినాను. నువ్వు మొయ్యకమ్మా."

తల్లి ఒళ్లో తలపెట్టుకుని గౌరీశ్వరి చాలాసేపు ఏడ్చింది.

పాట కట్టే అయ్యలారా, పాడే అమ్మలారా! మీ ఎదుట కూర్చున్న ప్రతి ఆడపిల్లా ఆ పాటలో తన ముఖం కోసం వెతుక్కుంటుంది. అది దొరకని పాట ఎంత తీయనిదైనా ఆమెను ఆమెకే పరాయిదాన్ని చేస్తుంది.