పెంకు ముక్కలు

మొన్న వచ్చిన జ్వరం పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. ఆకారం ఉన్నచోటే ఉంది గానీ, కాఫీ వాసనా తెలియదు, మురుగు కంపూ తెలియదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వంటగది మళ్లీ మా అత్తగారి చేతికి పోతుంది. మావారికి ఒంట్లో కొవ్వు పెరిగిందని డాక్టరు హెచ్చరించాక, పొద్దుటి నూనె వంటలన్నీ మాన్పించి, కూరగాయలూ గుడ్లూ అంటూ నానా తంటాలు పడి ఆ పొయ్యిని నా చేతికి తెచ్చుకున్నాను. అంత తేలిగ్గా వదులుకుంటానా?

ఆవిడ మాత్రం పూర్తిగా వదిలిందా అంటే అదీ లేదు. ఈమధ్య గుడ్లు నన్ను పగలగొట్టనివ్వదు. ఒక్కోటీ చిన్న గిన్నెలోకి కొట్టి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పెద్ద ఆలోచనేదో చేస్తున్నట్టు కాసేపు ఆగి, అప్పుడు పెద్ద గిన్నెలో పోస్తుంది. పోనీ శుభ్రంగా చేస్తుందా? ప్రతిసారీ పెంకు ముక్కలే. స్పూనుతో వాటిని ఏరుతూ పళ్లు నూరుకోవడం నా వంతు.

ఈ రోజూ అంతే. పెంకులు ఏరి, గిలక్కొట్టిన గుడ్లలో తురిమిన క్యారెట్టూ, సన్నగా తరిగిన పాలకూరా, క్యాప్సికమూ కలిపి, చుక్క నూనె రాసిన పెనంలో పోశాను. మంట బాగా తగ్గించి మూత పెట్టాను. బయట వర్షం, కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఆవిడ స్నానానికి వెళ్లింది. మావారు ఇంకా లేవలేదు. వంటగదిలో లైటు ఆర్పి, తలుపు దగ్గరకు లాగి, బట్టలు మడతపెట్టి వద్దామని వెళ్లాను.

వచ్చి మూత తీస్తే, అంచులు మాత్రం కాస్త గట్టిపడ్డాయి. మధ్యలో అంతా పచ్చిగానే కదులుతోంది. వంగి చూశాను. మంట లేదు. మళ్లీ వెలిగిద్దామని లైటరు తీసుకున్నాను. దాని మీద వేలు బిగిసింది కూడా.

అప్పుడు తట్టింది. గుడ్డు ఇంత పచ్చిగా ఉందంటే, నేను అటు వెళ్లగానే మంట ఆరిపోయి ఉండాలి. అప్పటి నుంచీ గ్యాసు వస్తూనే ఉండాలి. గదంతా నిండిందో లేదో చెప్పాల్సిన ముక్కు ఏమీ చెప్పడం లేదు. పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా లైటరును గట్టు మీద పెట్టి, పొయ్యి కట్టేశాను.

తలుపు తెరుచుకుంది. అత్తగారు. వెలుతురు చాలకపోతే ఆవిడ అడుగు వెయ్యదు. ఏ గదిలోకి వచ్చినా ముందు చెయ్యి స్విచ్చు మీదకే పోతుంది. ఇప్పుడూ పోయింది.

"లైటు వెయ్యకండి అత్తయ్యా."

"ఏం?"

"గ్యాసు వచ్చేసింది. ఎంత వచ్చిందో నాకు తెలీదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ నాకు వాసనే తెలీడం లేదు."

ఆ చెయ్యి స్విచ్చు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఒక్కసారి గాలి పీల్చి, "చాలా వచ్చింది," అంది గొంతు తగ్గించి. "ఇంక దేన్నీ ముట్టుకోకు. ఆ కిటికీ తీసి రా."

కిటికీ తీశాను. మావారిని నిద్రలోంచే లాక్కొచ్చి వసారాలో కుర్చీలో పడేశాం. ఏమైందో అడిగేలోపే ఆయనకు మళ్లీ కునుకు పట్టేసింది.

"ఇక వంట మీరే చూసుకోండి," అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"నీకు వాసన తెలీదని నాకెప్పుడో తెలుసు. ఉల్లిపాయలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే నిలబడి కూనిరాగం తీస్తున్నావు. కుళ్లిన గుడ్డు ఒక్కటి పడితే గిన్నెడూ పారబొయ్యాలి. అందుకని నేను కొడుతున్నా. నీ పొయ్యి లాక్కోడానికి కాదు."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు నాతో చెప్పావా?"

ఆవిడ వాన వైపు తిరిగింది.

"నాకూ చూపు ఆనడం లేదు. పెంకులు పడుతున్నాయని తెలుసు. కనబడవు. నువ్వు ఏరుతున్నావు కదా అని ఊరుకున్నా."

గ్యాసు పూర్తిగా పోయిందని ఆవిడ చెప్పాకే లోపలికి వెళ్లాం. పెనంలోది పారబోశాను. ఆవిడ గుడ్డు కొట్టి, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మంచిదే," అని మొదటిసారి పైకి చెప్పింది. గిన్నెను నా వైపు జరిపింది.

నేను వెతికాను. "దీంట్లో పెంకు లేదత్తయ్యా."

"సరిగ్గా చూడు."

కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. అడుగున ఒకటుంది.