విధవరాలి పాటకు పోయిన స్పీకర్లు

పుస్తకాల అర మీద పెట్టుకునే స్పీకర్లంట. రాజ్ కుమార్ ఇంట్లో పుస్తకమంటే బైబిలు ఒకటి, గ్యాస్ బుక్కు ఒకటి. అర లేనేలేదు. ఉన్నా పెట్టకూడదంట, అర మీద పెడితే శబ్దం చెడిపోతుందని ఇనప కాళ్ళు విడిగా కొన్నాడు. ఒక్కో పెట్టె మూరెడు ఎత్తు లేదు. జత వెల నాలుగున్నర లక్షలు. ఇది నేను అడిగి తెలుసుకున్న సంగతి కాదు. ఆయన ఇంటికి పోయినోళ్ళకి మంచినీళ్ళ కంటే ముందు ఆ వెల అందుతుంది.

రాజ్ కుమార్ పరాయివాడేం కాదు. మా దిబ్బపాలెం సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాడే. రొయ్యలు కలిసొచ్చినాయి, నెల్లూరులో మేడ కట్టినాడు. ఊళ్ళో ఆయనకి మిగిలింది గుంటలు. మా సమాధుల దొడ్డికి తూర్పున ఆయన రొయ్యల గుంటే, ఉత్తరాన ఆయన రొయ్యల గుంటే. గట్టిగా వాన కొడితే ఆ ఉప్పునీళ్ళు పొర్లి సమాధుల మీదకి వస్తాయి. పోయినేడు వాయుగుండానికి క్రీస్తురాజు అని మా ఊరాయన సమాధి కుంగి సిలువ పక్కకి ఒరిగిపోయింది. క్రీస్తురాజు భార్య ఎలిశబెతమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ సిలువని చేత్తో ఎత్తి పట్టుకునింది. డెబ్భై దాటిన మనిషి. ఎంతసేపని పట్టుకుంటాది? మేము పోయి ఆమెని బలవంతాన ఇవతలకి తెచ్చినాం, నీళ్ళు తీసినాక సిలువని మళ్ళీ నిలబెట్టినాం. రొయ్యల మేత వాసన కొట్టే నీళ్ళలో మా ఆయన్ని వదిలిపెట్టి వచ్చినానని ఆమె ఏడాది పొడుగునా ఎవరు కనబడితే వాళ్ళతో చెప్పింది.

ఈస్టరు ఆరాధనలో లేచి అడిగింది కూడా. రెండు వైపులా ఎత్తుగా మట్టి కట్ట పోయించమని, ఇంకేం వద్దని. రాజ్ కుమార్ వెంటనే లేచి ఆ కట్ట నేనే పోయిస్తాను, ఇది దేవుని ముందు నా మొక్కుబడి అన్నాడు. చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినాను, దానికి ఇప్పటికీ చేతులు దురద పెడతా ఉండాయి. ఆయనకి సొంత పొక్లెయిన్ ఉంది, గుంటల గట్టు మీదే పడి ఉంటుంది. కాకపోతే కట్ట పోయాలంటే రెండు గుంటల్లోనూ కాస్త కాస్త అంచు పోతుంది. అక్కడ వచ్చింది చిక్కు. రొయ్యలు పట్టినాక పోయిస్తానన్నాడు. ధర పెరిగినాక అన్నాడు. డ్రైవరు పెళ్ళికి పోయినాడన్నాడు. ఎడగారు కోతలు, అదే రెండో పంట కోతలు, అయిపోయినాయి, కోత పండగ వచ్చేసింది, ఆ తర్వాత వానలే. కట్ట మాత్రం ఆయన నోట్లోనే ఉంది.

కోత పండగ సంగతి చెప్పాలి. మా సంఘంలో ఆ రోజు ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి గుడిలో బల్ల ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఎండుచేపల బుట్టలు. ఆరాధన అయినాక బయట షామియానా కింద వేలం. ఇచ్చినవాడు తన వస్తువు మీద పాట పాడకూడదు, వేలం నడిచినంతసేపు దాని గురించి నోరే తెరవకూడదు. కొన్నవాళ్ళు ఆ రోజే ఇంటికి తీసుకుపోవాల. ఇంకొకటుంది. ఏ వస్తువుకైనా పాట రాకపోతే దాన్ని వెనక్కి ఇవ్వరు. అక్కడున్న విధవరాళ్ళలో పెద్దామె తన చేతిలో ఉన్న డబ్బెంతో చెప్తుంది, వస్తువు ఆమెదైపోతుంది. విధవరాలి పాట అంటారు. పుచ్చిపోయిన గుమ్మడికాయలు, గుడ్లు పెట్టని కోళ్ళు అట్టా ఎలిశబెతమ్మ ఇంటికి చేరతా ఉంటాయి. ఇది మా ఊళ్ళో చంటిబిడ్డకి కూడా తెలుసు. రాజ్ కుమార్‌కీ తెలియాల. కానీ ఏసీ గదిలో పాటలు వినేవాడికి షామియానా కింద పాట ఎట్టా గుర్తుంటాది?

ఆ రోజు ఆయన కారు దిగితే వెనక ఇంకో కారు దిగింది. అందులోంచి రెండు పెట్టెలు పసిబిడ్డల్లాగా గుడ్డలో చుట్టి తెచ్చినారు. వెంట కిషోర్ అని ఒకడు, నెల్లూరులో ఇట్టాంటి సామాన్లు డబ్బున్నోళ్ళకి అంటగట్టేవాడు. గుమ్మడికాయల పక్కన స్పీకర్లు పెట్టినారు. రాజ్ కుమార్ మైకు అందుకున్నాడు. నా ఇంట్లో నాకు అత్యంత ప్రియమైనది దేవునికి ఇస్తున్నానన్నాడు. దీంతో నా మొక్కుబడి చెల్లినట్టేనన్నాడు. విలువ నాలుగున్నర లక్షలు, సంఘానికి ఆస్తి, ఎవరూ పాడలేకపోయినా దిగులు పడొద్దు, సముద్రపు గాలికి ఇవి పాడైపోతాయి కాబట్టి సంఘం తరఫున నా ఇంట్లోనే భద్రంగా ఉంచుతానన్నాడు.

వినండి ఈ తెలివి. ఇచ్చినట్టూ ఉండాల, ఇంట్లోనే ఉండాల. కట్ట పోయించినట్టూ ఉండాల, గుంట అంచు పోకూడదు. దేవుణ్ణి కూడా రొయ్యల ఏజెంటు అనుకున్నాడు.

ఆరాధన అయినాక సామాన్లతో సహా అందరం షామియానా కిందకి చేరినాం. వేలం పాడించేది లాజరన్న. పడవ ఇంజన్లు బాగు చేస్తాడు, సంఘపెద్ద కూడా. ఆయన పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి, వీటికి అంత వెల ఎందుకో మాకు తెలియదు, తెలిసినాయనే చెప్పాల అన్నాడు. కిషోర్ అదే అదునని లేచినాడు. ముందు షామియానా ఫ్యాన్లు ఆపించినాడు. కోడిపుంజులని దూరంగా కట్టేయించినాడు. గుంటల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు కూడా ఆపించమన్నాడు. అవి ఆపితే రొయ్యలు చస్తాయని రాజ్ కుమారే వద్దన్నాడు. మనుషులు చెమటలు కారిపోవచ్చు, రొయ్యకి మాత్రం ఊపిరాడాల.

తర్వాత పాఠం మొదలైంది. చెక్క ఏ దేశపు చెట్టుదో చెప్పినాడు. లోపలి తీగ మనిషి వెంట్రుక కంటే సన్నమన్నాడు. రెండు పెట్టెలూ కవల పిల్లలంట, ఫ్యాక్టరీలో ఒకదానికొకటి సరితూగేట్టు కూర్చినవంట, ఒకటి పోతే రెండోదాని విలువ సున్నా అంట. వినేవాడు రెండింటికీ సరిగ్గా నడిమధ్యన కుర్చీలో కూర్చోవాలంట. అడుగు పక్కకి జరిగితే సగం అందం పోతుందంట.

"అయితే ఒక్కరికేనా?" అని వెనక నుంచి ఎవరో అడిగినారు.

"నిజంగా వినేది ఒక్కరే," అన్నాడు కిషోర్, అదేదో గొప్పయినట్టు.

షామియానా కింద ఊరు ఊరంతా కూర్చుని ఉంటే వీడు నాలుగున్నర లక్షలకి ఒక్క కుర్చీ అమ్ముతున్నాడు. లాజరన్న నవ్వకుండా ఎలిశబెతమ్మని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టినాడు. నేను ఆమె వెనకే నిలబడినాను. కిషోర్ తను వెంట తెచ్చిన మిషన్‌కి పెట్టెలు తగిలించి ఏదో పాత కీర్తన పెట్టినాడు, ఒక ఆడమనిషి ఒంటి గొంతు. ఉన్నమాట చెప్పాల. బాగుంది. ఆమె ఎదురుగా నిలబడి పాడతా ఉన్నట్టే ఉంది, చరణం ముందు గాలి పీల్చుకున్నది కూడా తెలిసింది. మూడో వరసలో వాళ్ళకి మాత్రం సముద్రపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అక్కడ పిల్లలు కోడిపుంజుల దగ్గరికి పోయినారు.

పాట అయిపోయినాక ఎలిశబెతమ్మని ఎట్టా ఉందని అడిగినారు. బాగా ఉండాదయ్యా, మనిషి ఊపిరి కూడా ఇనబడింది అనింది. మళ్ళీ కిషోర్ వైపు తిరిగి, "ఒకటి పోతే రెండోది దేనికీ పనికిరాదంటివే, అది నిజమేనా?" అని అడిగింది.

"నిజమే అమ్మా. జతకే విలువ."

ఆమె తల ఊపి పోయి తన చోట కూర్చునింది.

లాజరన్న వేలం మొదలు పెట్టినాడు. నాలుగున్నర లక్షలు అన్నాడు. ఎవరూ పలకలేదు. రాజ్ కుమార్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, మొహం ప్రశాంతంగా ఉంది. లాజరన్న కిషోర్ వైపు తిరిగినాడు.

"విలువ చెప్పింది మీరే గదా అయ్యా. మీరే పాడండి."

కిషోర్ నవ్వినాడు. నేను వివరించడానికి వచ్చానన్నాడు. పోనీ సగానికి పాడమన్నాడు లాజరన్న. వాడిన సామాను మార్కెట్టు వేరే అన్నా, అన్నాడు వాడు. అందులో సగానికి? కిషోర్ ఫోను తీసి చూసుకోవడం మొదలు పెట్టినాడు. ఇంతసేపు తీగల సన్నం గురించి చెప్పినవాడి నోట్లోంచి ఒక్క అంకె రాలేదు. వెల కట్టేది వేరే మనిషి, చెల్లించేది వేరే మనిషి అయినన్నాళ్ళు దేనికైనా నాలుగున్నర లక్షలు పలుకుతుంది. చీపురుకట్టకైనా పలుకుతుంది.

"పాట లేదు," అన్నాడు లాజరన్న. "విధవరాలి పాట."

రాజ్ కుమార్ కాలు దింపినాడు. అప్పుడు గుర్తొచ్చింది పెద్దమనిషికి, ఇది దిబ్బపాలెమని.

ఎలిశబెతమ్మ కొంగు ముడి విప్పింది. గుమ్మడికాయ కోసం దాచుకున్న నోటు.

"ఇరవై రూపాయలు."

రాజ్ కుమార్ లేచినాడు. ఇది సరికాదని, వీటి సంగతి వేరని, కొంచెం ఆలోచించాలని ఏదేదో అనబోయినాడు. పాస్టరుగారు మెత్తటి మనిషి, ఎవరినీ గట్టిగా అనరు. ఆ రోజు మాత్రం, ఇచ్చినాయన మాట్లాడకూడదు రాజ్ కుమార్ గారూ, కూర్చోండి అన్నారు. లాజరన్న మూడుసార్లు అరిచి బల్ల మీద కొట్టినాడు. పెట్టెలు రెండూ తోపుడుబండి మీద, ఎండుచేపల బుట్ట పక్కన, ఎలిశబెతమ్మ ఇంటికి పోయినాయి.

వసారాలో పెట్టింది. ఆమెకి వాటిని మోగించే మిషన్ లేదు, కరెంటు తీగ ఎక్కడ గుచ్చాలో తెలియదు. ఒక పెట్టె మీద కోడి ఎక్కి కూర్చునింది. రెండో దాని మీద తడి లంగా ఆరేసింది. పిల్లకాయలు ఫోటో తీసి ఫోన్లలో పంపితే సాయంత్రానికల్లా అది నెల్లూరు చేరింది.

సోమవారం రాజ్ కుమార్ వచ్చినాడు. వసారా ముందు చెప్పులు కూడా విడిచినాడు. ఇంతకుముందు ఆ ఇంటి ముందు కారు అద్దం దించి ఎరగడు. కోడిని చూసినాడు, కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కింటి అరుగు మీద వల అల్లుతా వింటున్నాను. ఎంత కావాలంటే అంత ఇస్తానన్నాడు. ఎలిశబెతమ్మ చీపురుతో ముంగిలి ఊడుస్తా, డబ్బు నాకెందుకయ్యా, ఇరవై రూపాయల సామానుకి అనింది. పోనీ ఏం కావాలో చెప్పమన్నాడు. ఆమె చీపురు ఆపింది.

"తూరుపు కట్ట పోయించినాక ఒకటి తీసుకుపో అబ్బయ్యా. ఉత్తరం కట్ట పోయించినాక రెండోది."

రెండూ ఇప్పుడే ఇచ్చేయి, మాట ఇస్తున్నాను, కట్టలు రెండూ పోయిస్తానన్నాడు.

"మాట ఈస్టరుకే ఇచ్చినావు. అది ఇంకా నా దగ్గరే ఉండాది."

ఆయన నా వైపు చూసినాడు, నేనేదో మధ్యవర్తిత్వం చేస్తానని కాబోలు. నేను వల ముడి బిగించుకున్నాను.

పెళ్ళికి పోయిన డ్రైవరు మర్నాడు పొద్దున్నే ప్రత్యక్షమైనాడు. పెళ్ళి అయిపోయిందో, అసలు జరగనే లేదో. పొక్లెయిన్ తూర్పు గుంట అంచు తవ్వి సమాధుల దొడ్డి పొడుగునా మట్టి పోసింది. ఎలిశబెతమ్మ కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, కాలితో తొక్కి చూసి, ఇక్కడ ఎత్తు చాలదనింది. మళ్ళీ పోసినారు. అప్పుడు ఒక పెట్టె ఇచ్చింది, లంగా ఆరేసినది. ఒంటి పెట్టె కారు వెనక సీట్లో పెట్టుకుని పోయినాడు ఆయన.

తర్వాత నాలుగు రోజులు మిషన్ రాలేదు. డీజిలు లేదన్నారు. ఉత్తరం గుంటలో రొయ్యలు ఇంకా చిన్నవన్నారు. ఎలిశబెతమ్మ ఎవరినీ అడగలేదు. కోడిని మాత్రం మిగిలిన పెట్టె మీద పొదగేసింది, కింద కాస్త గడ్డి పరిచి. ఆ ఫోటో కూడా పోయింది నెల్లూరుకి. అయిదో రోజు డీజిలు దొరికింది.

ఉత్తరం కట్ట పూర్తయిన నాటికి మబ్బు పట్టింది. రాజ్ కుమార్ స్వయంగా వచ్చినాడు. కోడి గుడ్ల మీద నుంచి లేవనంటే ఎలిశబెతమ్మ దాన్ని గడ్డితో సహా ఎత్తి చేటలోకి మార్చింది. ఆయన జేబురుమాలు తీసి ఆ ఫలానా దేశపు చెక్క మీద కోడి రెట్ట తుడిచినాడు. మరక పోలేదు. ఇంకోసారి తుడిచి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కారెక్కినాడు.

ఆ వారం పెద్ద వాన కొట్టింది. ఎలిశబెతమ్మ గొడుగేసుకుని సమాధుల దొడ్డికి పోయింది, నేనూ వెనక పోయినాను. గుంటలు రెండూ నిండి నీళ్ళు కట్టకి తగిలి వెనక్కి మళ్ళుతున్నాయి. సిలువ నిలబడి ఉంది. ఆమె దాన్ని పట్టుకోలేదు. గొడుగు లేని చెయ్యి కొంగులో చుట్టుకుని కాసేపు చూసి, చేటలో కోడిని లోపల పెట్టలేదని గుర్తొచ్చి, ఇంటికి తిరిగింది.