ఖాళీ పళ్లెం చెప్పిన సాక్ష్యం

నేను ఒక రాతి నలుసును. మీ కంట్లో పడితే తప్ప మీరు నన్ను గుర్తించరు. అయినా వయసులో నేను మీ భూమికి తీసిపోను.

సూర్యుడు ఇంకా కుదురుకోని రోజుల్లో ధూళి, మంచు కలిసి ఒక పెద్ద ముద్ద అయ్యాయి. లోపలి వేడికి మంచు కరిగింది. ఆ నీటిలో నాని నాలోని రాయి బంకమన్నుగా మారింది. తరువాత ఏదో ఢీకొని మా ముద్ద పగిలింది. ముక్కలు కొన్ని మళ్లీ కూడి ఒక గ్రహశకలమయ్యాయి. దాని ఒంటి మీద ఏ పనీ లేకుండా యుగాలు గడిపాను. పని లేకపోవడం ఒక బాధ అని అక్కడ నాకు ఎవరూ చెప్పలేదు.

ఒకనాడు ఒక యంత్రం వచ్చి, క్షణం సేపు మమ్మల్ని తాకి, పిడికెడు ఎత్తుకుపోయింది. అంత దూరం వచ్చి అంత కొద్దిగా తీసుకెళ్లిన దొంగను నేను ఎరుగను. భూమికి వచ్చాక చేతులు మారానంటారు గాని, ఏ చేయీ నన్ను తాకలేదు. నత్రజని నింపిన గాజుపెట్టెలో ఉంచి, సూదిమొన లాంటి పట్టకారుతో ఎత్తేవారు.

అలా అరువుగా హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు చేరాను. అక్కడ ఇందుమతి అనే పరిశోధకురాలు, ఆమెకు పై అధికారి డాక్టర్ నరహరి ఉండేవారు. వారి సాధనం పరారుణ సూక్ష్మదర్శిని. అది కంటికి కనిపించని కాంతిని నా మీదికి పంపుతుంది. ప్రతి పదార్థమూ ఆ కాంతిలో తనకు సరిపడిన భాగాన్ని మింగి, మిగిలినది తిప్పి పంపుతుంది. తిరిగొచ్చిన కాంతికి తెర మీద పడే గీత ఎక్కడ కుంగిందో చూసి, ఏది మింగానో తెలుసుకుని, నేనెవరో చెబుతారు. బంకమన్నుకు ఒకచోట, కర్బన పదార్థానికి మరొకచోట గీత కుంగుతుంది. వారు వెతుకుతున్నది ఆ కర్బనాన్నే. జీవానికి కావలసిన సరుకు ఆకాశంలో ముందే సిద్ధమై ఉందా అన్నది వారి ప్రశ్న. లేనిదాన్ని ఉందని చెబితే మాత్రం ఇలాంటి నలుసు మళ్లీ ఆ గది గడప తొక్కదు.

దసరా సెలవుల తరువాత మొదటి ఉదయం, బంగారుపూత పూసిన చిన్న పళ్లెం మీద నన్ను ఉంచారు. కర్బనం చోట గీత లోతుగా కుంగింది. నరహరిగారు వెంటనే లడ్డూలు తెప్పించారు.

“తినమ్మా. ఇంక దేనికి చూస్తున్నవ్?”

“ఖాళీ పళ్లెం చూసినంక తింట సార్.”

“పండగకు ముందే చూసినం గద. పళ్లెం అదే, మిషన్ అదే.”

“నడుమ పండగ వచ్చింది గద సార్.”

ఆమె నన్ను గాజుపెట్టెలోకి పంపి, ఏమీ లేని పళ్లెం మీదికి కాంతిని వదిలింది. గీత అక్కడే, దాదాపు అంతే లోతుగా కుంగింది. లడ్డూ నములుతున్న నరహరిగారు నమలడం ఆపారు. నాకూ ఊపిరి ఉంటే ఆగేది. నాదనుకున్న గుణం నేను లేని చోట కూడా కనిపిస్తుంటే, నేనెవరిని?

ఆమె గీతలో మరొక నొక్కును వేలితో చూపింది. “ఇది వంటనూనె గుర్తు సార్. ఆయుధపూజ నాడు పళ్లాల డబ్బా ఏడున్నది?”

“దీపం ముందల పెట్టిన. మిషన్‌కు బొట్టు పెట్టనియ్యవైతివి. డబ్బాకైనా పూజ కావాలె గద.”

“మూత తీసిండ్రా?”

“మూతేసి పెడితే అమ్మవారి చూపు లోపట ఎట్ల పడ్తది?”

“చూపుతోని నువ్వుల నూనె పొగ గూడ పడ్డది సార్.”

ఆయన తల దించుకున్నారు, తరువాత నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వు తగ్గాక ఆయన గొంతు చిన్నదైంది. “అయితే దాంట్ల ఏం లేనట్టేనా?”

“పండగంత నలుసు గాజుపెట్టెలనే ఉన్నది. పళ్లెం అంటింది దాని అడుక్కే, పై ముఖానికి కాదు. సీలు తియ్యని కొత్త పళ్లెం తీస్త.”

కొత్త పళ్లేన్ని ముందు ఖాళీగా చూసింది. గీత కుంగలేదు. అప్పుడు నన్ను దాని మీద దించింది. బంకమన్ను చోట గీత విశాలంగా వంగింది. కర్బనం చోట ఒక చిన్న పల్లం. నూనె నొక్కు లేదు.

“ఉన్నదామ్మా?”

“ఉన్నది సార్. చిన్నది. కాని ఇది దానిదే.” ఆమె లడ్డూ తీసుకుంది.

దానిదే అన్న మాట నాకు ఎంతో బాగుంది. తరువాత ఆలోచించాను. ఆ కర్బనం నాకంటే ముందు ఏ నక్షత్రంలోనో పుట్టింది. నువ్వుల నూనెలోనిదీ అలాంటిదే. నాకు ఇంత చిక్కు తెచ్చినది నా దూరపు చుట్టమే. నాదని చెప్పుకోవడానికి నేను చేసింది ఒక్కటే: చెదిరిపోనివ్వకుండా దాచాను.

మరుసటి ఏడు పూజ వసారాలో జరిగింది. నరహరిగారు పళ్లాల డబ్బాను గదిలోనే ఉంచి, మూతను స్వయంగా బిగించి, దాని మీద బొట్టు పెట్టారు.

“మరి అమ్మవారి చూపు సార్?” అంది ఇందుమతి.

“ఆమెకు పరారుణం గూడ కనపడ్తది లేమ్మా.”

గాజుపెట్టెలోంచి నేను ఆ డబ్బా వైపే చూస్తున్నాను. లోపల ఉన్నవి ఏమీ లేని పళ్లాలు. నా గురించి నిజం చెప్పినవి అవే.