ప్రక్క యాసనమందలి మనిషి

భాద్రపదమాసమున నొకానొక యపరాహ్ణవేళ గోదావరీతీరమందలి గగనతలమెల్ల నీలమేఘసమాక్రాంతమై సూర్యబింబమును మ్రింగివైచి పట్టపగలే సంధ్యాభ్రాంతిని గలిగించుచుండెను. వరదపోటున నెఱ్ఱబాఱిన మహానదీప్రవాహము దూరమునుండి రాగిఱేకువలె మెఱయుచుండెను. తూర్పుసముద్రమునుండి వీచు చెమ్మగాలికి రాజమహేంద్రవర విమానాశ్రయప్రాంగణమందలి గడ్డి యంతయు నొక్కవైపునకు వ్రాలి వణకుచుండెను. ఆ సమయమున డెబ్బదిమంది ప్రయాణికులను గర్భమున నిడుకొని యొక చిన్నవిమానము హైదరాబాదునకు బయలుదేర సన్నద్ధమై రెక్కలయందలి పంకాలను ఘోరధ్వానముతో ద్రిప్పుచుండెను.

ఆ ప్రయాణికులలో నిడమర్తి సోమసుందరరావను నాతడు ముప్పదియేండ్లు రిజిస్ట్రారుపదవియందుండి యిటీవలనే విరమించినవాడు. కచేరియందాతని యెదుట గూర్చుండుట కెవ్వరును సాహసింపకుండిరి గావున లోకమెల్ల నిలుచుండి తన యనుజ్ఞకై వేచియుండవలెనను తలంపు వాని యెముకలలో నాటుకొనిపోయెను. అట్టివాని హృదయమున నెవ్వరు నెఱుగని భయమొకటి దాగియుండెను. విమానమెక్కినప్పుడెల్ల నాతని యరచేతులు చెమర్చును. నాలుక పిడచగట్టుకొనిపోవును. ఆ భయమును బైకి రానీయకుండుటకై యాతడు తన యాసనమునకిరువైపుల నుండు పట్టెలను రెండింటిని మోచేతులతో నాక్రమించి నొసలు ముడిచి పత్రికను విప్పుకొని కూర్చుండును.

ఆనాడాతని ప్రక్కన కిటికీవైపున నుప్పాడవాసినియగు పలివెల నూకరత్నమను నేబదియేండ్ల నేతగత్తె కూర్చుండియుండెను. మగ్గముపై వ్రేళ్లతోనే పూలబుటాలు గ్రుచ్చు జాందానీనేతయందామె చేతిపనికి సరిలేదని యా ప్రాంతమున బ్రతీతి. హైదరాబాదునగరమందలి యొక నేతపాఠశాలవారు పదిదినములు తమ విద్యార్థినులకు పని నేర్పుమని కోరి యామెకు టిక్కెట్టును బంపిరి. విమానమెక్కుట యామెకదియే ప్రథమము. నేల దిగ్గున క్రిందికి జాఱిపోయి యిండ్లును చెట్లును చీమలపుట్టలవలె గుంచించుకొనిపోవుట గాంచి యామె సోమసుందరరావు వైపునకు దిరిగెను.

“ఏవండీ, మీరు కాస్త ఇటొచ్చి నన్నా చివర కూర్చోనిస్తారాండి? కిందకి చూత్తంటే కళ్లు తిరిగిపోతన్నాయండి.”

“టిక్కెట్టు మీద నంబరు చూసుకో. ఎవరి సీట్లో వాళ్లుండాలి” అని యాతడు పత్రికనుండి చూపు మరల్పకయే పలికెను.

ఆమె కన్నులు గట్టిగా మూసికొని “నూకాలమ్మ తల్లీ, నూకాలమ్మ తల్లీ” యని జపింపసాగెను. విమానము మేఘమండలమును జొచ్చి కుదుపులకు లోనగుకొలది యామె స్వరమును హెచ్చెను. ఆ స్వరము సోమసుందరరావునకు దుస్సహమయ్యెను. తాను గుండెలో ద్రొక్కిపెట్టుకొన్న భయమే ప్రక్క మనిషి కంఠమున నోరు దెఱచి మాటాడుచున్నట్లు వానికి దోచెను.

“ఇది సంత అనుకున్నావా? పదిమంది కూర్చున్న చోట ఏమిటా గోల? నోరు మూసుకో!”

నూకరత్నము సిగ్గుతో గుంగిపోయి చీరచెఱగును నోట గ్రుక్కుకొనెను. నడవకవతలివైపున నాఱునెలల పసిబిడ్డను ఱొమ్మున బొదువుకొనియున్న యొక యువతి యీ మాటలు విని తలవంచుకొనెను.

అంతట బెల్టులు బిగించుకొనవలసినదని హెచ్చరిక వినబడెను. సోమసుందరరావు బొజ్జకు బిగువుగానున్నదని యంతకుముందే తన బెల్టును విప్పివైచి యది విప్పియుండుట యొరులకు గానరాకుండ దానిపై పత్రికను గప్పియుంచెను. సుహాసిని యను విమానపరిచారిక వరుసలను బరికించుచు వచ్చి యా పత్రిక క్రింద నేమున్నదో యెఱుగక సాగిపోయెను. ఇంతలో నొక పెనుకుదుపు సంభవింప నాతని గుండె దడదడ గొట్టుకొనెను. ఆ దడకై యాతడు వాడు మాత్రలడబ్బి తలపైనున్న సామానులయఱయందలి సంచిలో నుండెను. ఆతడు తటాలున లేచి యా యఱను దెఱచెను.

“సార్, దయచేసి కూర్చోండి! ఇప్పుడు లేవకూడదు!” అని సుహాసిని వెనుకనుండి కేక వైచెను.

“ఒక్క నిమిషం. నాకు తెలుసులే!”

ఆ మాట ముగియకముందే విమానము పాదముల క్రింద లేకుండపోయెను. నూతిలో విడిచిన ఱాయివలె నది యధోముఖమై పడిపోగా సోమసుందరరావు శరీరము బంతివలె బైకెగసి యఱతలుపునకు దల మోదుకొని నెత్తురు చిందించుచు నడవవైపునకు దొరలెను. క్రిందనే తల్లియొడిలోని పసిబిడ్డ. స్థూలకాయుడైన యాతడు పైబడినచో నా శిశువు బ్రతుకదని యాతడా క్షణార్ధముననే యెఱింగెను. ఎఱింగియు నేమియు జేయజాలకుండెను. వానికి బట్టుకొనుటకు గాలి తప్ప మఱేమియు లేకుండెను.

నూకరత్నము రెండుచేతులను జాచి వాని నడుమునకున్న తోలుపటకాను వెనుకనుండి యొడిసిపట్టెను. బెల్టు బిగించుకొని యుండుటచే నామె తన యాసనమునుండి కదలలేదు. కాని యామె కుడిమణికట్టు పట్టెకును వాని బరువునకును నడుమ నలిగి యెండుపుల్ల విఱిగినట్టి చప్పుడు చేసెను. ఆమె యార్తనాదము చేసియు బట్టు విడువలేదు. విమానము మఱల గ్రుంగెను.

“పట్టుకున్నానండి! వదల్ను! కాళ్లు లోపలికి లాక్కోండి బాబూ!”

ఆతడెట్లో ప్రాకి యాసనమున గూలబడగా నామె యెడమచేతితోనే వాని బెల్టును బిగించెను. దీపములాఱిపోయెను. కిటికీలయం దొకపరి కాటుకవంటి చీకటియు నొకపరి మెఱుపుల తెల్లదనమును గనబడుచుండెను. ఎవరో వాంతిచేసికొనుచుండిరి. ఎవరో తమవారి పేర్లను బిలుచుచుండిరి. పసిబిడ్డ యేడ్పు విమానధ్వనిని జీల్చుకొని వినవచ్చుచుండెను. కనుబొమ్మలపై గారుచున్న నెత్తురును దుడుచుకొనక సోమసుందరరావు ప్రక్కకు దిరిగెను.

“అమ్మా! ఇందాక... ఏదో పేరు తలుచుకుంటున్నారే... ఆ పేరు పైకి అనండమ్మా. నాకు భయమేస్తోంది.”

జన్మమున నాతడా మాట నొరులతో జెప్పుట యదియే మొదలు. నూకరత్నము పలికెను. ఆతడును బలికెను. క్రమముగా ముందువరుసవారును వెనుకవరుసవారును దమతమ దైవములను బిగ్గఱగా దలంచుకొనుచుండ నా లోహపంజరము పాతికనిమిషములు మృత్యువదనమున నూగులాడి తుదకొక మేఘరంధ్రమున వెలువడి వెలుతురున బడెను.

కుదుపులు సద్దుమణగినపిమ్మట నాతడామె చేతిని జూచెను. అది ముంజేతివఱకు బొంగి నీలివర్ణమై యొడిలో బడియుండెను.

“బెణికినట్టుందండి, ఏం పర్లేదు” అని పలికి యామె వ్రేళ్లను గదల్పబోయెను. నాలుగు కదలెను. ఉంగరపువ్రేలు కదలలేదు. అప్పుడామె మొగమున జూపట్టిన భయము విమానము పడిపోవుచున్నప్పుడైన గానరాలేదు.

“ఈ చెయ్యేనండి మగ్గం మీదాడేది” అని యామె తనలో దాననుకొన్నట్లు మెల్లగా ననెను.

 విమానము నేలదాకి యింకను బరుగిడుచుండగనే జనులు దిగ్గున లేచి పెట్టెలను దింపుకొనుచు నొకరినొకరు ద్రోసికొనసాగిరి. ఒకని పెట్టెయంచు నూకరత్నము చేతికి జానెడుదూరమున దూగెను. ఆతడు రెండుచేతులను జాచి యామెకడ్డముగా నిలిచెను.

“దయచేసి ఆగండి. ఈమె చెయ్యి విరిగింది. నా మూలాన విరిగింది. ముందు ఈమెని, ఆ పసిబిడ్డ తల్లిని దిగనివ్వండి.”

ఆ మాటలు విని యెల్లరు మరల గూర్చుండిరి.

నగరమందలి యాసుపత్రిలో నాతని నొసటికి నాలుగు కుట్లు పడెను. ఆ కుట్లతోనే యాతడు శస్త్రచికిత్సాగారము వెలుపలి బల్లపై జాము సేపు గూర్చుండెను. మణికట్టెముక విఱిగినదనియు దానిని సరిచేసి కట్టితిమనియు నుంగరపువ్రేటి నరము మాత్రము చితికిపోయినదనియు వ్రేలు మరల గదలునో లేదో కట్టు విప్పినపిదప గాని తెలియదనియు వైద్యుడు చెప్పెను. నూకరత్నము చెల్లెలు వచ్చువఱకు నాతడా బల్లను విడువలేదు. ఇంటికి మరలినపిమ్మటను గన్ను మూసినచో నా యెండుపుల్ల చప్పుడే వినబడి యులికిపడి లేచుచుండెను.

కార్తికమాసమున గట్టు విప్పిరని తెలిసి యాతడుప్పాడకు బోయెను. సముద్రఘోష వినవచ్చు నొక పెంకుటింటి సావడిలో నూకరత్నము గుంటమగ్గమున గూర్చుండి బుటాకై రంగుదారమును వ్రేళ్లతో గ్రుచ్చుటకు బ్రయత్నించుచుండెను.

“మీరా బాబూ! రండి, కూర్చోండి. ఎంత దూరమొచ్చారండీ! దెబ్బ మానిందాండి?”

“నాది మానింది. మీ వేలు?”

“అది రాదంటండి. మిగతావి నేర్చుకుంటాయిలెండి.”

 అంతట నాతడెన్నిదినములనుండియో తన్ను వెంటాడుచున్న ప్రశ్న నడిగెను.

“ఆ రోజు మిమ్మల్ని అంత మాటన్నాను. నన్నెందుకు పట్టుకున్నారమ్మా?”

నూకరత్నము విస్మితయై వానివైపు చూచెను.

“ఆ మాట అప్పుడు గుర్తుకొచ్చింది కాదండి. పక్కన మనిషి పడిపోతంటే పట్టుకోమేటండి?”

పిదప నామె మగ్గమువైపు దిరిగెను. దారము జాఱిపోయెను. మఱల నెత్తెను. మఱల జాఱెను. సోమసుందరరావు దానినే గాంచుచు నూపిరి బిగబట్టి కూర్చుండెను. తనకేమగునో యను భయ మిన్నేండ్లుగా నాతనిని గఠినునిగా జేసినది. ఒరుల కేమగునో యను భయము నేడు వాని కన్నుల నీరు నింపెను. మొదటిదానివలన నెవ్వరికిని మేలు కలుగలేదు. రెండవది లేనివాని ప్రక్కన నెవ్వరును నిశ్చింతగా గూర్చుండజాలరు. మూడవమాఱు నూకరత్నము నడిమివ్రేటిని వంచి దారమును బట్టెను. ఆ యెఱ్ఱనిపోగు తెల్లని పడుగులోనికి వణకుచు వణకుచు బ్రవేశించెను.