ఎడమ గోడ ముందు సుద్దగీత

పొద్దున్నే పెద్దమ్మ కుట్టుమిషన్ మీది గుడ్డ తీసి, చక్రం ఒక చుట్టు తిప్పి చెవి ఒగ్గి వింటుంది. కిర్రుమంటే నూనె, లేకపోతే లేదు. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. వీధి మొత్తానికి ఆవిడ పెద్దమ్మే, ఇంట్లో చెల్లెలికి మాత్రం అక్క. అక్క కత్తిరించి కుడుతుంది, చెల్లెలు కాజాలు తీసి గుండీలు పెడుతుంది. మధ్యలో ఇద్దరూ కలిసి వీధివాళ్ల కబుర్లన్నీ విప్పి మళ్లీ కుడతారు.

ఒక ఏడాది కళ్ల డాక్టరు పెద్దమ్మకి గ్లకోమా ఉందన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పక్కల నుంచి తగ్గిపోతుందనీ, జీవితాంతం చుక్కలు వేసుకోవాలనీ చెప్పాడు. పెద్దమ్మ బుద్ధిగా తలూపి, సీసా తెచ్చి నూనె డబ్బా పక్కన పెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది. కన్ను మండితే ఒక చుక్క, దురద పెడితే రెండు. ఊరికే ఉన్న కంటికి మందెందుకు, దండగ కాకపోతే!

ఆ నెలలోనే కుట్టుగది ఎడమ గోడ లోపలికి జరగడం మొదలుపెట్టింది.

గోడ వచ్చింది, బీరువా ఇటు లాగమంది చెల్లెలు. లాగారు. ఆ పై నెల ఇస్త్రీ బల్ల వసారాలోకి వెళ్లింది. కత్తిరింపు బల్ల పట్టకపోతే వడ్రంగిని పిలిచారు. అతను ఒక మూర కోసి, వచ్చే నెల మళ్లీ పిలుస్తారుగా, ఇప్పుడే ఇంకో మూర తీసేయమంటారా అని అడిగాడు. మనిషికి ముందుచూపెక్కువ.

చివరికి గోడకీ మిషన్‌కీ మధ్య జానెడే మిగిలింది. కుట్టిన గుడ్డ జారేది ఎడమవైపుకే. మిషన్ కుడికి జరుపుదామంటే అటు తలుపు. ఆ జానెడూ పోతే మిషన్ అమ్ముకోవడమే. పెద్దమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి వేసింది.

"కుట్టడం మానేసి నేనేం చెయ్యనే? కూర్చుని నీ మొహం చూడనా?"

"అదైనా కనిపిస్తే మంచిదే," అంది చెల్లెలు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

మర్నాడే ఆస్పత్రికి వెళ్లారు. చుక్కలు ఎలా వేసుకుంటున్నారో చూపించమంది నర్సు. పెద్దమ్మ తలెత్తి సీసా నొక్కితే మందంతా చెంప మీదుగా కారింది. రోజూ వేసుకుంటున్నారా అంటే, కన్ను కిర్రుమన్నప్పుడు వేసుకుంటున్నానంది. నర్సు నవ్వలేదు. ఇంట్లో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగింది. ఎడమ గోడ మూడు మూరలు దగ్గరికొచ్చిందంటే అదీ కాగితం మీద రాసుకుంది.

"కన్ను కిర్రుమనదు పెద్దమ్మా. చడీచప్పుడూ లేకుండా చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే బాగున్నా బాగాలేకపోయినా రోజూ ఒకే వేళకి ఒక్కో కంట్లో ఒక్క చుక్క."

కింది రెప్ప లాగి చుక్క వెయ్యడం, కన్ను మూసి ముక్కు పక్క మూల వేలితో నొక్కి ఉంచడం నేర్పింది. ఇంటికొచ్చాక పెద్దమ్మ గోడ ముందు, గచ్చు మీద సుద్దతో గీత గీసింది. సాయంత్రం పని ముగిశాక చుక్కలు. ఒక గుండీ కుట్టడం అయ్యేదాకా కన్ను తెరవకూడదని చెల్లెలు రూలు పెట్టింది. రెండు వారాలు గీత గీతలాగే ఉంది.

అంతలో బడి యూనిఫారాలు వచ్చి పడ్డాయి. ఆ హడావిడిలో మూడు రోజులు చుక్కల ఊసే లేదు. కళ్లు హాయిగానే ఉన్నాయి, మంట లేదు, దురద లేదు. నాలుగో రోజు చూస్తే గచ్చు మీద గీత లేదు. దాని మీద గోడ కూర్చుని ఉంది.

పెద్దమ్మ వంగి గోడ అడుగున వేళ్లతో గీత కోసం తడిమింది. "హాయిగా ఉన్నప్పుడే వచ్చిందే," అంది చిన్న గొంతుతో. డాక్టరు చెప్పిందీ, నర్సు చెప్పిందీ ఆవిడకి అప్పుడు తలకెక్కింది. సీసాని నూనె డబ్బా పక్క నుంచి తీసి గుండీల డబ్బాలో పెట్టింది. కొత్త గీత గీసింది.

అది జరిగి ఆరేళ్లు. గోడ వెనక్కి పోలేదు, ముందుకీ రాలేదు. నాలుగు వేళ్ల సందు మిగిలింది. దుప్పట్లు, కర్టెన్లు ఒప్పుకోవడం మానేశారు కానీ చొక్కాలూ గౌన్లూ ఆ సందులోంచి చక్కగా జారుతున్నాయి. వడ్రంగి మాత్రం అప్పుడప్పుడూ వచ్చి గోడని చూసి, పని లేదని నిట్టూర్చి టీ తాగి వెళ్తాడు.

రోజూ సాయంత్రం పెద్దమ్మ చుక్కలు వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. చెల్లెలు గుండీ కుట్టి, పంటితో దారం తెంపి, ఇక తెరవమంటుంది. తెరిస్తే ఎదురుగా చెల్లెలి మొహం, రెండు చెవుల కమ్మలతో సహా.

"ఏం చూస్తున్నావ్?"

"నీ మొహమే," అంటుంది పెద్దమ్మ, ఇంకాసేపు చూస్తూ.