కదలని సైకిలూ తాతాజీ కాజాలూ

నేను ఒక సైకిల్ని. తొక్కితే చక్రం తిరుగుతుంది, నేను మాత్రం ఉన్నచోటే ఉంటాను. లూధియానాలో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించినవాడు ఆఖరి బోల్టు తిప్పి, సీటు మీద ఒక్క చరుపు చరిచాడు. పరుగెత్తడానికే పుట్టాననుకున్నాను. ఎంత అమాయకత్వం!

నా మొదటి యజమాని రాజమండ్రిలో పళ్ళ డాక్టరు. జనవరి ఒకటో తేదీన కొన్నాడు. నెల తిరక్కుండానే నా హ్యాండిలుకు తడి తువ్వాళ్ళు వేలాడాయి. తన పొట్ట తగ్గకపోతే తప్పు నాదట! "పనికిమాలిన సరుకు" అని తిట్టి అమ్మేశాడు. మనుషుల న్యాయం అలా ఉంటుంది.

అలా తణుకులో వీరవేణి ఇంటికి చేరాను. నలభై దాటిన మనిషి. బస్సు అందుకోవడానికి కూడా ఏనాడూ పరుగెత్తలేదు. భర్త గోవిందరాజు ఆర్టీసీ కండక్టరు మరి, ఆ అవసరం రాలేదు.

గుమ్మంలోనే నాకు మొదటి దెబ్బ తగిలింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ! కొత్త బండికి చేసినట్టు పూజ చేశారు. చక్రం కింద నిమ్మకాయ పెట్టబోతే, నా చక్రం నేలకు తగలదు. గోవిందరాజు బుర్ర గోక్కున్నాడు.

"దీని కాళ్ళ కింద పెట్టెయ్యవే. ఏదో ఒకటి నలగాలి కదా."

మర్నాడు ఆవిడ కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. కాస్త తొక్కేసరికే ఆయాసం. ఇంకేముంది, దిగిపోతుంది, రేపటినుంచి తువ్వాళ్ళే అనుకున్నాను. దిగలేదు. తొక్కుతూ తొక్కుతూ ఏడవడం మొదలుపెట్టింది. నేను నిర్ఘాంతపోయాను.

"ఏడుస్తూ తొక్కితే ఊపిరెలా ఆడుతుంది వేణీ? దిగు," అన్నాడు గోవిందరాజు.

"డాక్టరుగారు రెండు నెలలే టైమిచ్చారండీ. నా లివర్లో కొవ్వు కరక్కపోతే ముక్క తీసి పెట్టడానికి పనికిరాదంట. వాడేమైపోతాడు?"

వాడంటే ఆవిడ తమ్ముడు తాతాజీ. ఊళ్ళోనే మిఠాయి కొట్టు నడుపుతాడు. కామెర్లు ముదిరి లివరు పాడైపోయింది. భార్య రక్తం గ్రూపు కలవలేదు, అక్కది కలిసింది. కానీ అక్క ఒంటి మీద కత్తి పడడానికి వీల్లేదని తాతాజీ ముందే ఒట్టు పెట్టాడట. అందుకే అతనికి తెలియకుండా పరీక్షలు చేయించుకుంది. అంతా ఖాయమయ్యాక చెప్పి ఒప్పించాలని ఆవిడ ఎత్తు.

ఒక మనిషి ప్రాణం నా పెడళ్ళ మీద! తువ్వాళ్ళు మోసిన నామీద!

ఆ వారమే తాతాజీ వచ్చాడు. మనిషి కర్రలా ఉన్నాడు, కళ్ళు పచ్చగా ఉన్నాయి. నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

"ఏంటక్కా, సినిమాల్లో చేరుతున్నావా? బావా, జాగర్త! ఈవిడ సన్నబడిందంటే పక్కన నువ్వు తాతలా ఉంటావు."

నవ్వుతూనే సంచిలోంచి పొట్లం తీశాడు. మడత కాజాలు. వేడి కూడా తగ్గలేదు. పుట్టింటినుంచి వచ్చిన తీపిని ఆడపడుచు కాదనకూడదని వాళ్ళ ఇంట్లో పట్టింపు. తల్లి పోయాక ఆ మర్యాద తమ్ముడే నిలబెడుతున్నాడు. వీరవేణి ఒకటి తింది. అతను ఇంకోటి చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

వచ్చినప్పుడల్లా ఇదే తంతు. నేను కరిగించినదంతా అతను మళ్ళీ తినిపించేవాడు. తన చావును తనే పొట్లం కట్టి తెచ్చుకుంటున్న మనిషిని కళ్ళారా చూస్తూ, గొంతులేక నిలబడిపోయాను.

నెల గడిచాక వీరవేణి పరీక్షకు వెళ్ళొచ్చింది. కొవ్వు ఏమంత తగ్గలేదు. ఆ సాయంత్రమే తాతాజీ కాజాలతో వచ్చాడు. ఆవిడ తొక్కుతూనే తల తిప్పుకుంది.

"వద్దురా. తీసుకుపో."

ఇల్లు చల్లబడిపోయింది. తాతాజీ పొట్లం సంచిలో పెట్టేశాడు.

"అమ్మ తెచ్చుంటే వద్దనేదానివా అక్కా? చేదైపోయానన్నమాట. సరే, ఇంక రాన్లే."

అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గోవిందరాజు ఇంక ఆగలేకపోయాడు.

"ఒరేయ్, అది నీకోసమే తొక్కి చస్తోందిరా! లివర్ నీకివ్వాలని!"

తాతాజీ నా హ్యాండిలు పట్టుకున్నాడు. పట్టుకోకపోతే పడిపోయేవాడే.

"కుదరదు. నిన్ను కోసి తీసింది నాకొద్దు."

వీరవేణి సీటు దిగలేదు.

"పెళ్ళయిన కాణ్ణుంచీ నువ్వు తెచ్చింది ఏనాడైనా వద్దన్నానా? ఇవాళ ఒక్కసారి వద్దంటేనే ఇంక రానన్నావు. మరి నేనిచ్చేది నువ్వు వద్దంటే, నేనేమనుకోవాల్రా?"

తాతాజీ చెప్పులు విప్పేశాడు. చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, పొట్లం తీసి గోవిందరాజు ఒళ్ళో పడేశాడు.

"నువ్వు తినెయ్ బావా. నీ లివర్ ఎవడికీ అక్కర్లేదుగా."

తర్వాత అక్కవైపు తిరిగి గద్దించాడు. "ఆగిపోయావేంటి? తొక్కు!"

ఆనాటినుంచి రోజూ ముక్కాలిపీట వేసుకుని నా ఎదుట కూర్చునేవాడు. ఆవిడ కాళ్ళు నెమ్మదిస్తే తిట్టేవాడు, ఆయాసపడితే నీళ్ళిచ్చేవాడు. నా గొలుసు వేడెక్కేది.

చివరికి ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ లివరు సరిపోతుందన్నారు. వీరవేణి గంతులేస్తుందనుకున్నాను. ఆవిడ ఫోన్ కింద పెట్టి, నా సీటుకు తల ఆనించింది.

"భయమేస్తోందిరా తాతాజీ."

"నాకూనే అక్కా."

ఇన్నాళ్ళూ ఆవిడకు భయం లేదనుకున్నాను! ఆ భయాన్ని వెంటబెట్టుకునే రోజూ నన్ను ఎక్కిందా? మనుషుల గురించి నాకు తెలిసిందంతా ఆ క్షణంలో తలకిందులైంది.

మర్నాడు తాళం వేసి వెళ్ళిపోయారు. చీకటి గదిలో రోజులు తెలియలేదు. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఎంతమంది వెళ్ళారో తెలుసు. ఎంతమంది వస్తారో తెలియదు.

ఒక మధ్యాహ్నం తాళం తిరిగింది. ముందు గోవిందరాజు, సంచులతో. అతని వెనక ఎవరూ కనిపించలేదు. నా ఇనుము చల్లబడింది.

అప్పుడు మెట్ల మీదనుంచి మాటలు వినిపించాయి.

"మెల్లిగా అక్కా, కుట్లు!"

"నా కుట్లు సరే, నీవి చూసుకోరా ముందు!"

ఒకరి భుజం ఒకరు పట్టుకుని లోపలికొచ్చారు. తాతాజీ నా దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, నావైపు చూశాడు.

ఆ కళ్ళు తెల్లగా ఉన్నాయి.